పొరుగింటి బావి

సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజారు నెఱిగినవారికి మా యిల్లెట్టిదో వేఱుగ వర్ణింప నక్కఱలేదు. స్టేషనులో రైలుబండి కూసిన మా వంటయింటిలోనికి వినబడును. వీధి యిఱుకు, ఇండ్లు పాతవి, గోడకు గోడ యానుకొని నిలిచియున్నవి. మా ముంగిట రెండు స్కూటర్లు నిలిపినచో మూడవదానికి చోటుండదు. ఇట్టి యింటివారు కరెంటుతో నడచు కారు కొనుట తెలివియేనా యని చుట్టములు నవ్విరి. మావారు వినలేదు. తెలంగాణ ప్రభుత్వమువారు 2024 నవంబరులో విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31వ తేదీ వరకు తీసివేసిరి. ఆ లాభము చూచుకొని మేమును కొంటిమి.

కారును నిలుపుటకు రెండు వీధుల కవతల నొక ఖాళీస్థలమున నెల అద్దెకు చోటు దొరకినది. కాని యచ్చట కరెంటు తీగ లేదు. సొంత వాకిలి గలవారు రాత్రి పడుకొనబోవుచు తీగ తగిలించి తెల్లవారుసరికి బండి నింపుకొందురు. మాకా సౌకర్యము లేదు. ఇంట బావి లేని యిల్లాలు బిందె చంకనిడుకొని పొరుగింటికి పోవునట్లు, మేమును వారమున కొకటి రెండు మారులు చార్జింగు కొఱకు బయటికే పోవలసియున్నది.

మా బండి చేసిన కంపెనీవారు వేగముగ నింపు చార్జర్లను కొన్నిచోట్ల పెట్టియున్నారు. మావారు వానియొద్దకు మాత్రమే పోవుచుండిరి. పోటీ కంపెనీవారి చార్జరు కన్నులయెదుట ఖాళీగ నున్నను దానిని తాకనిచ్చెడివారు కారు. “వాళ్ల మిషను వాళ్ల బండికి తగినట్టు చేసుకుని ఉంటారు. మన బ్యాటరీ పాడైతే ఎవరిని అడుగుతాం?” అనెడివారు. మాకును అది నిజమే యని తోచెడిది. ఒక పెట్టె తాళపుచెవితో వేఱొక పెట్టె తెఱవబడునా? పైగా పోటీవాని యంగడి మెట్టెక్కుట కేదో చిన్నతనము. ఆ చిన్నతన మెంత వ్యర్థమో ఒక రాత్రి తెలిసివచ్చినది. ఆ సంగతి చెప్పుటకే యీ వ్యాసము.

కార్తికమాసమున నొకనాటి రాత్రి ఎనిమిదిన్నర గంటలకు విజయవాడనుండి మా తమ్ముడు ఫోను చేసెను. అమ్మ స్నానపు గదిలో జారిపడినది, తుంటియెముక విరిగినది. మఱునాటి యుదయముననే శస్త్రచికిత్స చేయవలెనని డాక్టర్లు చెప్పిరట. అమ్మ మాత్రము “పెద్దది రాకుండా నన్ను ఆ గదిలోకి తీసుకుపోవద్దు” అని పట్టుపట్టి కూర్చున్నది. డెబ్బది తొమ్మిదేండ్ల మనిషి. ఆలస్యమైన కొలది కీడు. రైలుస్టేషను మా యింటికి నడచిపోదగిన దూరమేగాని, ఆ రాత్రి పోవు బండ్లలో మాకు చోటు దొరకలేదు. మావారు మాట్లాడక కారు తాళము తీసికొనిరి. మేము పోపులపెట్టెలో దాచుకొన్న నోట్లు కొంగున ముడివేసికొంటిమి. తొమ్మిదిన్నరకు బయలుదేరితిమి.

బ్యాటరీలో నూటికి 70 పాళ్లున్నది. మా బండి బ్యాటరీ 40 యూనిట్లు పట్టును. పెద్దరోడ్డుమీద యూనిట్టు కొకటికి ఆఱు కిలోమీటర్లకు కొంచెము హెచ్చుగ నడచును. విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. కావున 65వ జాతీయ రహదారిమీద సగము దూరమున నున్న సూర్యాపేట దగ్గర నింపుకొనక తప్పదు. అచ్చట మా కంపెనీవారి చార్జరున్నది గదా యని మేము నిశ్చింతగనే యుంటిమి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నకిరేకల్ దాటి అర్ధరాత్రి గడచిన యరగంటకు ఆ చోటు చేరితిమి. అప్పటికి బ్యాటరీలో 14 పాళ్లు మిగిలియున్నది.

చార్జరుమీద నెఱ్ఱదీపము వెలుగుచున్నది. కాపలావాడు లేచి వచ్చి, “రెండు దినాలైందమ్మా ఖరాబై. కంపెనీకి చెప్పిన్రు, ఇంకెవ్వరు రాలే” అనెను. మిగిలిన కరెంటు కోదాడకు సైతము చాలదు. విజయవాడలో అమ్మ మాకై యెదురుచూచుచున్నది. మావారు స్టీరింగుమీద చేతులుంచి కొంతసేపు కదలలేదు. అప్పుడు కాపలావాడే, “అగో, ఆ హోటల్ల ఇంకో కంపెనీది ఉన్నది. దాంట్ల పెట్టుకోరాదుండ్రి” అని వ్రేలు చూపెను. అది సరిగా మా పోటీ కంపెనీ.

పోయి చూతుము గదా, రెండు తీగలు గల చార్జరు. ఒకదానికి టాక్సీ తగిలియున్నది, రెండవది ఖాళీ. మావారు జంకుచునే ప్లగ్గు తెచ్చి మా బండికి పెట్టిరి. కాజాలో బొత్తము దూరినట్లది సరిగ్గా కూర్చున్నది!

ఇందులో వింత యేమియు లేదని పిదప తెలిసికొంటిమి. మనదేశమున నేడు అమ్ముచున్న కార్లలో దాదాపన్నిటికిని వేగపు చార్జింగు గూడు ‘సి.సి.యస్.–2’ అను నొకే తీరున నుండును. ఆ గూటిలో పైన నింటి చార్జింగునకు పనికివచ్చు ఏడు కొనలు, క్రింద వేగపు చార్జింగు కొఱకు రెండు లావుపాటి కొనలు నుండును. ప్లగ్గు పెట్టినంతనే కరెంటు పాఱదు. ముందుగా బండియు చార్జరును తమలో తాము మాటలాడుకొనును. తీగలో నెక్కడనైన కరెంటు కారుచున్నదేమో పరీక్ష జరుగును. “నాకింత వోల్టేజి, ఇంత కరెంటు చాలును” అని బండి యడుగును; చార్జరు తన శక్తికి లోబడి అంతవఱకే యిచ్చును, మించి యీయదు. ఆజ్ఞ బండిదే. కుండలో నెంత పోయవలెనో కుండయే చెప్పుచుండగా పోయుచేయి యెవరిదైన నేమి? పరాయి చార్జరు బ్యాటరీని చెఱచునను మా భయము మూఢభయమే.

మొదటినుండియు నిట్లు లేదు. 2017లో మన ప్రభుత్వమువారు ‘భారత్ డి.సి.–001’ అను 15 కిలోవాట్ల పద్ధతిని ఏర్పఱచిరి. దాని ప్లగ్గు వేఱు. అది నేటి బండ్ల గూటిలో పట్టదు. ఒకే ఊర రెండు కొలతలున్న నేమగునో సికింద్రాబాదువారికి మఱియొకరు నేర్పనక్కఱలేదు. 1874లో వాడి జంక్షనునుండి మా స్టేషనునకు వచ్చిన దారి బ్రాడ్ గేజి. పట్టాల నడుమ ఐదడుగుల ఆఱంగుళములు. తరువాత నిజామాబాదు, నాందేడుల మీదుగ మన్మాడునకు వేసినది మీటరు గేజి. ఒకదాని బండి రెండవదానిపై నడవదు. కావున మనుష్యులు దిగి వేఱు బండి యెక్కవలెను. సరకు లొక పెట్టెనుండి దింపి మఱియొకదానిలో కెత్తవలెను. మేము కాపురమునకు వచ్చిన కొత్తలో మీటరు గేజి బండ్ల చిన్నపెట్టెలను మా స్టేషనులో కన్నులార చూచితిమి. 1992లో దేశమంతట ఒకే గేజి చేయుటకు రైల్వేవారు పూనుకొన్న తరువాతనే క్రమముగ నా బెడద వదలినది. కార్ల ప్లగ్గు విషయమున మన మంత కాలము వేచియుండవలసిన యవసరము కలుగలేదు. అది మన యదృష్టము.

అయితే, ప్లగ్గు కూర్చున్నను ఆ రాత్రి కరెంటు రాలేదు. చార్జరు తెరమీద మా యాప్‌తో తెఱవుడని వ్రాసియున్నది. ఆ కంపెనీవారి యాప్ మా ఫోనులో లేదు. దానిని దింపుకొంటిమి, పేరు వ్రాసితిమి, నంబరు వచ్చువఱకు కాచుకొంటిమి, పిదప ముందుగ నిన్నూఱు రూపాయలు తమ సంచిలో వేయవలెనని యడిగెను. మావారు మూడుసారులు ప్రయత్నించిరి. బ్యాంకునుండి సొమ్ము కదలలేదు. ఇరువది నిమిషములు గడచెను. తమ్ముడు మరల ఫోను చేసి, “అక్కా, ఎంతవరకు వచ్చారు?” అనెను. ఏమి చెప్పుదుము? “వస్తున్నాంరా” అంటిమి. గొంతు వణకుట వానికి వినబడకుండ ఫోను పెట్టివేసితిమి.

ఆ నిమిషమున మాకు మా అత్తగారి అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. వారి కాలమున సికింద్రాబాదు కంటోన్మెంటులో ఇంగ్లీషువారి కల్దారు రూపాయి చెల్లెడిది. హైదరాబాదు పట్నమున నిజాముగారి హాలీ సిక్కా చెల్లెడిది. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆఱు కల్దారులకు సరి. ఆమె నడుమున నెప్పుడును రెండు సంచులుండెడివట. రెజిమెంటల్ బజారులో కూర కొనుట కొక సంచి, చార్మినారువైపు పోయి గాజులు కొనుట కింకొక సంచి. సంచి మఱచిపోయిన దినమున డబ్బుండియు లేనిదానివలె తిరిగిరావలెను. ఆ హాలీ సిక్కా 1959తో చెల్లుబాటు తప్పినది. మేము నవ్వుకొనుచు వినిన యా కథయే, సూర్యాపేట రోడ్డుమీద, అర్ధరాత్రి, మాకు నిజముగ జరిగినది.

టాక్సీ తోలువాడు ఇరువదియైదేండ్ల పిల్లవాడు. వాని బండి యా పోటీ కంపెనీదే. చాలసేపటినుండి మమ్ము చూచుచుండెను గాబోలు, దగ్గఱకు వచ్చి, “అమ్మా, పరేషాన్ గాకుండ్రి. నా యాప్‌తోని షురూ జేస్త. పైసలు తర్వాత ఇయ్యుండ్రి” అనెను. మావారు మొగమాటముతో, “మాది మీ కంపెనీ బండి కాదు బాబూ” అనిరి. “కరెంటుకు కంపెనీ ఏంది సార్?” అని వాడు నవ్వి తన ఫోను చార్జరునకు చూపెను. లోపల ఫ్యాను మ్రోగెను. మా బండిలో పచ్చదీపము వెలిగెను. పురిటింట బిడ్డ యేడ్పు విన్నవారి కెట్లుండునో మాకట్లుండెను.

నలువది నిమిషములలో 14 పాళ్లనుండి 70 పాళ్లు నిండినది. 23 యూనిట్లు, యూనిట్టునకు 21 రూపాయలు, దానిపై నూటికి 18 చొప్పున పన్ను, మొత్తము 570 రూపాయలు. కొంగుముడి విప్పి ఆఱు వందనోట్లు చేతిలో పెట్టితిమి. చిల్లర వలదంటిమి. వాడు వినక ముప్పది రూపాయలు లెక్కపెట్టి తిరిగి యిచ్చి, “అమ్మమ్మ మంచిగుంటది, పొండ్రి” అని సాగనంపెను. వాని పేరైన నడుగలేదను కొఱత మా మనస్సున నిప్పటికిని ఉన్నది.

నాలుగున్నరకు విజయవాడ చేరితిమి. అమ్మ మా చేయి పట్టుకొని, “అంత రాత్రి ఎలా వచ్చారే?” అని యడిగినది. మావారు జరిగినదంతయు చెప్పి, పోటీవారి చార్జరుతో రావలసివచ్చినదని సంజాయిషీ చెప్పుచున్నట్లు పలికిరి. ఆ బాధలోనే అమ్మ నవ్వినది. “పొరుగింటి బావిలో తోడుకుంటే బిందె మైలపడుతుందా అల్లుడుగారూ?” అన్నది. ఏడు గంటలకు లోపలికి తీసికొనిపోయిరి. సంక్రాంతినాటికి కఱ్ఱ పట్టుకొని ముగ్గు చూచుటకు వాకిటికి నడచివచ్చినది.

తరువాత మేమీ సంగతి విచారించితిమి. చార్జింగు చేయుట ఒక సేవయేగాని కరెంటు అమ్మకము కాదనియు, దానికి విద్యుచ్ఛక్తి చట్టముక్రింద లైసెన్సు అక్కఱలేదనియు కేంద్ర ప్రభుత్వమువారు 2018 ఏప్రిలులో తేల్చిరి. అందుచే నెవరైన చార్జింగు స్టేషను పెట్టవచ్చును. ఇది మంచిదే, లేనిచో రోడ్డుమీద ఇన్ని చార్జర్లు వెలసియుండెడివి కావు. కాని యెవరి స్టేషను వారిదైనందున ఎవరి యాప్ వారిది, ఎవరి సంచి వారిది అయినది. పెట్రోలు బంకువాడు నీ బండి యే కంపెనీదని యెన్నడైన నడిగెనా? ఆ స్థితి దీనికింకను రావలసియున్నది.

వచ్చుచున్న జాడలును కనబడుచున్నవి. ఏథర్ కంపెనీవారు తమ స్కూటరు ప్లగ్గు నితరులకు విడిచిపెట్టగా, 2023లో భారత ప్రమాణముల సంస్థవారు దానిని దేశప్రమాణముగ నంగీకరించిరి. పోటీదారులైన హీరోవారి విడా స్కూటర్లును ఏథర్‌వారి చార్జర్లను వాడుకొనుచున్నవి. 2025 ఫిబ్రవరిలో టాటావారు తాము భాగస్వాములతో పెట్టు పెద్ద చార్జర్లను అన్ని కంపెనీల బండ్లకు తెఱచియుంచెదమని ప్రకటించిరి. అయితే తమ బండ్లవారికి ముందు వరుసయు, ధరలో తగ్గింపును కలవు. ఇంటివారి కొక ముద్ద ముందు వడ్డించి తరువాత నతిథికి పెట్టినట్లు! అదియు తప్పనజాలము. అమెరికాలో టెస్లావారు చాలకాలము తమ చార్జర్లను తమ కార్లకే దాచుకొనిరి. 2024 ఫిబ్రవరి చివర ఫోర్డువారి కార్లకు ద్వారము తెఱచిరి. పిదప రివియన్, జనరల్ మోటార్సువారికిని తెఱచిరి. అచ్చట టెక్సాసులోనున్న మా మరది తన ఫోర్డు బండికి నడుమ నొక చిన్న అతుకు తగిలించి టెస్లావారి చార్జరువద్ద నింపుకొనుచున్నాడు. “మొదటిసారి దొంగతనము చేసినట్టు అటూఇటూ చూశాను వదినా” అని నవ్వుచు చెప్పెను. చిన్నతన మన్నిదేశముల మగవారికిని ఉన్నదన్నమాట!

చార్జర్లన్నిటికిని కలిపి ఒకే యాప్ చేయుదుమని మన కేంద్ర ప్రభుత్వమువారు 2025లో తెలిపిరి. అది సర్వత్ర యమలులోనికి వచ్చువఱకు సంచులు సర్దుకొనుట మన పనియే. ప్రయాణమునకు పులిహోర కట్టుటయందును, పిల్లల మందులు సర్దుటయందును మనకున్న ముందుచూపు దీనియందును చూపవలెను. మేమిప్పుడు చేయుచున్నది చెప్పుదుము.

మేము పోవు దారిలోని నాలుగైదు కంపెనీల యాప్‌లను ఇంటివద్ద తీరికగ నున్నప్పుడే దింపి, పేరు వ్రాయించి, ఒక్కొకదానిలో కొద్ది సొమ్ము వేసియుంచితిమి. మావారి ఫోనులోనే గాక మా ఫోనులోను పెట్టితిమి; ఒకటి మొరాయించిన రెండవది యుండును. ఆగదలచిన ప్రతిచోట ఒకటిగాక రెండు కంపెనీల చార్జర్లను గుర్తించుకొందుము; బయలుదేరుటకు ముందు ఆనాడు అవి పనిచేయుచున్నవో లేవో చూచుకొందుము. బ్యాటరీ 14 పాళ్లకు దిగువఱకు ఓపిక పట్టము; 25 పాళ్లుండగనే చార్జరు వెదకుదుము. 80 పాళ్లు నిండిన తరువాత వేగము తగ్గిపోవును గనుక అచ్చట కూర్చుండక బయలుదేరుదుము. మన వెనుక వేచియున్నవారికి నది మేలు. నిండిన బండిని చార్జరువద్ద విడిచి భోజనమునకు పోవుట, బావిగట్టుమీద బిందె పెట్టి కబుర్లాడుటతో సమానము. పగలు తొమ్మిదినుండి నాలుగు వఱకు ఎండ కరెంటు విరివిగ నుండు వేళ స్టేషనులకు చౌకగ నీయవలెనని 2024 సెప్టెంబరు నియమములలో నున్నది. కావున వీలైన నా వేళల ధర నడిగి చూడుడు. అన్నిటికంటె ముఖ్యము, కొంగున కొన్ని నోట్లుండవలెను. యంత్రము వానిని తీసికొనకున్నను మనుష్యులు తీసికొందురు.

మొన్న మాఘమాసమున సూర్యాపేటలో ఆ మొదటి చార్జరు వద్దనే ఆగితిమి. బాగుచేసియున్నారు. ఒక చిన్నది చంటిపిల్లను భుజాన వేసికొని ఫోనుతో కుస్తీ పట్టుచున్నది. ఆమె బండి మా కంపెనీది కాదు. మావారు మేము చెప్పకముందే దగ్గఱకు పోయి, “ఉండమ్మా, మా యాప్‌తో మొదలుపెడతాను” అనిరి. ఆ పిల్ల సంకోచముగ, “మాది మీ కంపెనీ కాదండీ” అన్నది. మావారు సూర్యాపేట పిల్లవాని మాటనే తిప్పి చెప్పిరి.

మా అత్తగారి అత్తగారి సంచులు రెండును మా భోషాణములో నిప్పటికిని ఉన్నవి. మా ఫోనులో నిప్పుడు సంచు లైదు. ఎప్పటికైన నవి యొకటి యగును. అంతదనుక ఆ యైదింటిలోను నాలుగు రూపాయలుంచుకొందము. మన సంచి యెదుటివారి యక్కఱకును విప్పుదము.